గొడుగు మడచిన రాజుగారు

వర్షర్తువు గడచి శరత్తు ప్రవేశించిన తోడనే నీలగిరి శిఖరములను మూడు మాసములుగా కప్పియుండిన మేఘపటలము తొలగి నూతనాతపరంజితములగు పచ్చికబయళ్ళు కన్నులపండువై తోపగా గిరికందరనిబిడారణ్యములనుండి వెలువడు సెలయేళ్ళు బురద వీడి అడుగున గులకఱాళ్ళు లెక్కింపవచ్చునంత తేటలై కలకలరవములతో దిగువకు పరువిడుచుండెను. ఆ శీతలజలములయందు తెల్లదొరలు దూరదేశమునుండి గ్రుడ్లుగా తెచ్చి వదలిన ట్రౌటు అనెడి మీనజాతి తామరతంపరగా పెరిగి వాసము చేయుచుండెను. ఒడలినిండ నల్లచుక్కలును ప్రక్కన గులాబివన్నె చారయు గల యీ చేపను వానపాము గ్రుచ్చి పట్టుట ఆ కొండలలో మర్యాద కాదు. కోడియీకలను పట్టుదారముతో చిన్నగాలమునకు చుట్టి దొంగయీగను కట్టి సన్నని బెత్తముతో దూరమునుండి విసరి నిజమైన యీగ వ్రాలినట్లు నీటిపై మెల్లగా దింపవలయును. చేప నమ్మినచో ఎగిరి పట్టును.

ఉత్తరసర్కారులలోని గుమ్మళ్ళకోట సంస్థానాధీశ్వరులును ధవళచ్ఛత్రాది రాజలాంఛనవిరాజితులును షష్టిపూర్తి చేసికొనిన వృద్ధులును అగు శ్రీ అనంతభూపాలరాజుగారు ఈ విద్యకు దాసులై తొమ్మిదేండ్లుగా ప్రతి యాశ్వయుజమునను ఈ కొండపై మకాము చేయుచుండిరి. దొంగయీగలు కట్టుటలో వారికి సాటి లేదు. విసరుటలో చెయ్యి తిరిగినవారు. నలువది యడుగుల దూరమున తేలుచున్న యెండుటాకుపై యీగను వ్రాల్పగలరు. అయినను తొమ్మిదేండ్లలో ఒక్క చేపయైనను వారి గాలమున పడియుండలేదు. ఇది నమ్మదగిన మాట కాదని మాకును తెలియును గాని జరిగినది జరిగినట్లు చెప్పుచున్నాము.

వారి ధర్మపత్ని రాణీ నరసాయమ్మగారికి కొండచలి గిట్టదు. ఏటేట దసరాకు కోటలో కొలువుదీరవలసిన ప్రభువు కొండలలో నీళ్ళను కొట్టుచున్నాడని దాయాదులు ముసిముసి నవ్వులు నవ్వుట అంతకంటెను గిట్టదు. అందుచే ఆ సంవత్సరము మకాము దిగిన నాడే ఆమె తేల్చి చెప్పెను.

“తొమ్మిదేళ్ళు ఓపిక పట్టానండీ. ఈ పౌర్ణమిలోగా ఒక్క చేప పడితే సరే. పడకపోతే ఈ బంగళాకు తాళం వేసి, ఆ బెత్తాలు పొయ్యిలో పెట్టి కోటకు వెళ్ళిపోదాం. తమరు మళ్ళీ ఈ కొండ పేరెత్తకూడదు.”

రాజుగారు తల యూచిరి. పదునాలుగు దినములు వట్టివే పోయెను.

పౌర్ణమినాటి ప్రాతఃకాలమున రాణిగారు ఘోషా పల్లకిలో వచ్చి ఏటికి ఎగువనున్న గట్టుపై పల్లకి దింపించుకొని తెరసందునుండి చూచుచుండిరి. పంతము నెగ్గుట కన్నులార చూడవలెనని వారి యుద్దేశము. దిగువను రాజుగారు వేంచేయుచుండిరి. ముందు బూర యూదువాడు. వెనుక ఇరువురు బంట్రోతులు. ప్రక్కను జరీయంచు వెల్లగొడుగు ఎత్తిపట్టిన పోలినాయుడు. ఆ వంశమున పట్టము గట్టుకొనిన వాడు వెల్లగొడుగు నీడ లేక గడప దాటరాదని యాచారము. ఏడు తరములుగా దానిని తప్పినవాడు లేడు.

గట్టుపైనుండి మడుగు అద్దమువలె కనబడుచుండెను. అందు ఏడు చేపలు ఎదురునీటికి మూతులు పెట్టి నిశ్చలముగా నిలిచియుండుట రాణిగారు చూచిరి. గొడుగు నీడ మడుగు నంచును తాకెను. మఱుక్షణమున పళ్ళెములో చెదరిన ఆవాల వలె చేపలన్నియు రాళ్ళక్రింద దూరెను. అటుపిమ్మట రాజుగారు అత్యద్భుతముగా దొంగయీగను విసరి ఖాళీ మడుగుపై దింపిరి. రెండవ మడుగుననట్లే. మూడవ మడుగుననట్లే. ఈ సంగతి ఏటి కావలివానికి తొమ్మిదేండ్ల క్రిందటనే తెలియును గాని రాజుతో గొడుగు దించుమనుటకు ఎవరికి నోరు వచ్చును?

రాణిగారును నోరు మెదపకున్న సాయంకాలమునకే ప్రయాణసన్నాహము. ఇక ఈ చలి లేదు దాయాదుల నవ్వులు లేవు. దిగువను భర్త నాలుగవమారు యీగ విప్పి ఊది ఆరబెట్టి చిన్నపిల్లవాని వలె ఆశతో నీటివంక చూచుచుండెను. ఆ మొగము చూచి ఆమెకు ప్రాణము కొట్టుకొనెను. బోయీలు నివ్వెరపడి చూచుచుండగా ఆ రాణివాసపు స్త్రీ తెర తొలగించి పట్టపగలు నలుగురిలో నడచి గట్టు దిగెను.

“ఏమండీ, చేపలు లేక కాదు. ప్రభువులు వేంచేస్తున్నారని తెలిసి అవి దారిచ్చి తప్పుకుంటున్నాయి. ఆ బూర ఆపించండి. గొడుగు మడిపించండి.”

రాజుగారి మొగము వెలవెలబోయెను. “గొడుగు లేకుండానా? మా తాతగారు జ్వరంలో కూడా గొడుగు దించలేదు.”

“తాతగారు చేపలు పట్టలేదు.”

పోలినాయుడు కళవళపడెను. “గొడుగు మడిసేత్తే నానేటి సెయ్యాలండి బాబూ?”

“తొమ్మిదేళ్ళుగా మోశావు నాయుడూ, కాస్సేపు కూర్చో” అని రాణిగారనిరి.

రాజుగారు ఏటివంక చూచిరి. భార్యవంక చూచిరి. తెర వెలుపల ఎండలో నిలిచిన ఆమెను చూచిన పిదప వారికి మఱి సంశయము కలుగలేదు. తమ చేతులతోనే గొడుగు మడచి తలపాగ తీసి దానిపై పెట్టి చెప్పులు విడిచి మోకాళ్ళపై వంగి తడిపచ్చికలో ప్రాకుచు నాలుగవ మడుగు చేరిరి. ఏ దర్బారునను వంగని నడుము అది. బెత్తము కదలెను. దొంగయీగ నురుగు ప్రక్కన వ్రాలి రెండు జానలు తేలి వచ్చెను.

నీరు పగిలెను. గులాబిచార యెండలో తళుక్కుమనెను. బెత్తము విల్లై వంగెను.

“పడింది! పడిందండీ!” అని రాణిగారు ముసుగు జారినదియు నెఱుంగక చప్పట్లు చఱచిరి. బంట్రోతులు కేకలు వేసిరి. బూరవాడు ఆనందము పట్టలేక బూర నోటబెట్టుకొనగా నాయుడు చటుక్కున లాగికొనెను. జానెడు చేప. దానిని రెండు చేతులనెత్తి పట్టుకొని రాజుగారు బురదలో కూలబడి పకపక నవ్వుచు కన్నీరు కార్చుచుండిరి.

కొంతసేపటికి తేఱుకొని వారు భార్యతో ననిరి. “పంతం నేను నెగ్గాను. ఇక చాలు. నీకు చలి పడదు, రేపే దిగుదాం.”

“రేపా?” అని రాణిగారు ఎగువవంక చూచుచు చీరకుచ్చెళ్ళు దోపుకొనుచుండిరి. “పైన ఇంకా మూడు మడుగులున్నాయి. గట్టుమీంచి నేను చూశాను. నాకూ ఒక బెత్తం ఇవ్వండి.”

లోకమున ఘనత యెంత యెత్తున పట్టుకొందురో దాని నీడ అంత దూరము పడును. ఆ నీడకు బెదరి పాఱిపోవు సుఖములు కొన్ని కలవు. వానిని మోకాళ్ళపై పోయి కలిసికొనవలెను. అట్లు పోవునపుడు ప్రక్కన మఱియొకరు కూడ ప్రాకుచుండిన యెడల అంతకు మించిన సామ్రాజ్యము లేదు.