బదులివ్వని గొంతు

మా బైండింగ్ షెడ్డులో పుస్తకాలు చేత్తోనే కుడతాం. చేతులకు తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. అందుకని ఒకరు గట్టిగా చదవాలి, తక్కినవాళ్లు వింటూ కుట్టాలి, చదివేవాళ్ల వంతు కుట్టు అందరూ పంచుకోవాలి. ఇది మాలో మేం పెట్టుకున్న పద్ధతి. గొంతు పెద్దదని నన్ను చదవమన్నారు. గొంతు కాదు, నోరు పెద్దదంటుంది నా పక్కనే కుట్టే మా వదిన.

అప్పుడు చదువుతున్నది ఆధునికత మీద విరుచుకుపడే పుస్తకం. "యంత్రం మనిషికి తీరిక ఇస్తానని వచ్చి, మనిషినే తన తీరుకు మార్చుకుంది" అని ఉంది అందులో. నాకు ఒళ్లు పులకరించింది. వదినకు ఒళ్లు మండింది.

"చాల్లే సంబడం! పాతకాలం అంత చల్లగా ఉంటే ఆ రాసినాయన్నే పొయ్యి ఊదమను. ఈ జీతం చేతికొచ్చాకే మీ అన్నయ్య నన్నొక మాట అడగడం నేర్చుకున్నాడు. ఆధునికత నాకు అన్నం పెట్టింది. దాన్ని ఎవరేమన్నా ఊరుకోను."

"పెట్టింది సరే, తినడానికి తీరిక ఇచ్చిందా?" అన్నాను.

మాటకు మాట పెరిగింది. షెడ్డంతా రెండు జట్లయింది. ఆ ఊపులో వదిన పేజీల మడత ఒకదాన్ని తలకిందులుగా పెట్టి కుట్టేసింది. మాలో ఎవరమూ చూడలేదు. పుస్తకం కొన్నవాడు చూశాడు.

ఫిర్యాదు కొత్త మేనేజరు దగ్గరికి వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా ఏడుపు. పల్లెత్తు మాట అనకుండా తలా ఒక ఇయర్‌ఫోన్ పంచాడు. "మీ పుస్తకమే, రికార్డు చేయించాను. ఎవరిది వాళ్లు వినండి. పేచీ ఉండదు, పనీ చెడదు. పైకి చదవడం మాత్రం ఇక బంద్" అని నా చేతికి సూది ఇచ్చాడు.

కోపంతో నాకు సూదిలో దారం ఎక్కలేదు. పుస్తకం ఎక్కడికీ పోలేదు, పోయింది మేమే. ఒకే గదిలో అవే మాటలు వింటూ ఎవరికి వారే. ఒకామె ఉన్నట్టుండి నవ్వేది, ఎందుకో పక్కామెకు తెలిసేది కాదు. ఈ జబ్బు గురించే కదా ఆ పుస్తకం మొత్తుకుంటున్నది! ఎలాగైనా మళ్లీ చదివి తీరాలని పుస్తకం ఒళ్లోనే పెట్టుకుని కుట్టేదాన్ని.

ఒకరోజు పొద్దున వదిన ఇయర్‌ఫోన్ లాగి అవతల పారేసింది.

"దీని మొహం మండ! పూర్వం ఇల్లు చూసుకునే ఆడదానికి ఎంతో గౌరవం ఉండేదట. ఎవరిచ్చారయ్యా అని అడుగుతుంటే ఆగదే! తన పాటికి తను చెప్పుకుపోతోంది." నా వైపు తిరిగింది. "అమ్మాయ్, ఆ ముక్క నువ్వు చదువు. నిన్నైతే దులిపెయ్యొచ్చు."

మేనేజరు గుమ్మంలోనే ఉన్నాడు. "చదివితే రేపట్నుంచి మీరిద్దరూ రానక్కర్లేదు" అన్నాడు.

నా ఒక్కదాని సంగతైతే దిగులు లేదు. వదినకు ఈ జీతమంటే ఏమిటో నాకు తెలుసు. పుస్తకం తెరవడానికి చెయ్యి రాలేదు.

"చదువమ్మా" అంది వదిన. "నాకు నోరిచ్చింది ఈ జీతమే. నోరు మూసుకుని దాన్ని తీసుకోలేను."

లేచి నిలబడి, షెడ్డు దద్దరిల్లేలా మొదలుపెట్టాను. రెండో వాక్యం పూర్తి కాకముందే వదిన "అబద్ధం!" అని అరిచింది.