పాలు లేని టీ

ఆ కుట్టుషెడ్డులో ఆమెని అందరూ పిన్ని అనే పిలుస్తారు. అక్కకూతురి కబుర్లు చెప్పి చెప్పి అందరి చెవులూ తినేసింది మరి! ఆసుపత్రి దుప్పటికి అంచు కుడుతూ పిల్ల, దిండుగలీబు తిరగేస్తూ పిల్ల, అన్నం తింటూ పిల్ల. ఆ ఆరేళ్ళది ఇప్పుడు అనాథల హాస్టల్లో ఉంది. ఆదివారం ఒక్క గంట చూపిస్తారు.

షెడ్డు కూడా మామూలు షెడ్డు కాదు. మత్తుమందు మానాలనుకునేవాళ్ళకే అక్కడ పని. పొద్దున్నే గేటు దగ్గర నర్సమ్మకి సీసాలో ఒంటేలు పట్టివ్వాలి. ఆవిడ కాగితంపట్టీ ముంచి చూస్తుంది. మందు ఆనవాలు లేకపోతే లోపలికి పంపుతుంది, ఆ రోజు కూలి దక్కుతుంది. శుభ్రంగా వచ్చినకొద్దీ కూలి పెరుగుతుంది. ఆనవాలు కనిపించిందో, ఆ రోజుకి గేటు మూసేస్తారు, మర్నాడు మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. ఇక సీసాలో మోసం చేసినవాళ్ళకీ, ఆ మోసానికి సాయపడ్డవాళ్ళకీ గేటు మరి తెరుచుకోదు.

పిల్ల సంగతి తేలాల్సిందీ అక్కడే. హాస్టలు మేడం తెగేసి చెప్పింది. తండ్రి మధ్యలో తప్పకుండా వంద రోజులు పూర్తి చేస్తే పిల్ల తండ్రికి. అతనివల్ల కాకపోతే, వంద పూర్తి చేసిన పిన్నికి. ఇద్దరూ తప్పితే, పిల్లల కోసం దరఖాస్తు పెట్టుకుని కూర్చున్న ఇంకెవరికో.

తండ్రంటే ఎవరు? బావే! ఇద్దరూ ఒకే రోజు చేరారు. రోజూ పిన్ని వెనకాలే వరసలో నిలబడేవాడు. అక్కకి మొదటి మత్తుసూది పొడిచింది వాడు. "చిటికెలో తలనొప్పి పోతుంది మరదలా" అంటూ పిన్నికి పొడిచిందీ వాడే. అక్క స్నానాలగదిలో పడి గిలగిల్లాడుతుంటే, ఎక్కడ పోలీసులొస్తారోనని తలుపు దగ్గరగా వేసి పారిపోయిన మొనగాడూ వాడే. వెనకనుంచి వాడి దగ్గు వినపడితే చాలు, పిన్నికి ఒళ్ళు మండిపోయేది.

తొంభై ఏడో రోజు పొద్దున, గేటు తెరవకముందే బావ కుళాయి దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మరదలా, కొంప మునిగింది. నిన్న ఒక్కసారి కాలు జారింది."

"జారితే లేచి నీ దారిన నువ్వు పో. నాకెందుకు చెప్తున్నావ్?"

"నీది కాస్త ఈ సీసాలో పోసివ్వవే. నీ కాళ్ళు పట్టుకుంటా. పిల్ల కోసం."

కాదంటే అయిపోయేది! వాడు తన సీసా తనే ఇచ్చుకుని తప్పేవాడు. ఈ వారం తిరక్కుండా పిల్ల వచ్చి పిన్ని ఒళ్ళో కూర్చునేది. ఆ మాత్రం పిన్నికి తెలియదా? తెలుసు. కానీ వాడు ఊరికే ఓడిపోతే ఏం సరదా? పదిమందిలో తలెత్తుకోలేకుండా పోవాలి. అక్క చివరిసారి ఆ తలుపు వైపు ఎలా చూసి ఉంటుందో, వాడూ ఆ గేటు వైపు అలా చూడాలి.

"ఇటు తే సీసా," అంది.

ఫ్లాస్కులో పాలు లేని టీ ఉంది. ఆడవాళ్ళ దొడ్డిగదిలోకి వెళ్ళి, ఆ టీలో నీళ్ళు కలిపింది, వెలుతురుకి పట్టుకుని చూసింది, ఇంకాస్త కలిపింది. రంగు అచ్చం కుదిరాక తనలో తనే నవ్వుకుంది. అక్క పోయాక అంత హాయిగా నవ్వడం అదే మొదలు.

"చంకలో పెట్టుకో. చల్లారిపోతే పట్టేస్తారు," అని జాగ్రత్త కూడా చెప్పింది.

పిన్ని సీసా చూడటం అయింది. ఆమె గేటు పక్కకి జరిగి నిలబడింది. తరువాత బావది. నర్సమ్మ మూత తీసింది, మొహం చిట్లించింది, వాసన చూసింది.

"ఇందులో పంచదార కాస్త ఎక్కువైందయ్యా!"

వరస వరసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. బావ మొహం మాడిపోయింది. నవ్వు ఆగాక నర్సమ్మ గొంతు మార్చింది.

"నీకింత తెలివెక్కడిది? ఎవరిచ్చారు?"

బావ పిన్ని వైపు చూశాడు. వాడికి అంతా అర్థమైపోయింది. నాకేం తెలుసమ్మా అనే అబద్ధం పిన్ని నాలిక చివర సిద్ధంగా ఉంది.

"ఎవరూ ఇవ్వలేదమ్మా. నేనే పోసుకొచ్చా," అన్నాడు బావ. "నేనెలాగూ పాడైపోయాను. పిల్ల వాళ్ళ పిన్నికైనా దక్కనీండి. అది బాగా చూసుకుంటుంది."

ఎవరూ నవ్వలేదు. వరసలో ఉన్న ముసలి దర్జీ నిట్టూర్చాడు. "పాపం! ఎంతైనా తండ్రి మనసు కదా."

ఆ మాట పిన్నికి మండే కొరివితో కాల్చినట్టయింది. పాపమట! వీడికా పాపం! అక్క కోసం ఎవరూ అనని మాట, ఈ వెధవ కోసం ఇంతమందీ అంటారా?

"నేనిచ్చాను!" అని అరిచింది. "మా అక్కని చంపిన వెధవ వాడు! కావాలనే ఇచ్చాను, ఆ టీ నేనే కలిపాను!"

నర్సమ్మ చేతిలో కలం ఆగిపోయింది.

"నాకు సరిగ్గా వినపడలేదు," అంది నెమ్మదిగా. "మళ్ళీ అడుగుతున్నాను. పిల్లని తలుచుకుని చెప్పు పిన్నీ. నువ్వేనా ఇచ్చింది?"

బావ చేతులు జోడించాడు. "కాదని చెప్పవే! నీకు దణ్ణం పెడతా, కాదను!"

వాడు బతిమాలకపోతే కాదనేదేమో. వాడి దయతో వచ్చే పిల్లా? వాడి పుణ్యమా అని రోజూ ముద్దు పెట్టుకోవాలా?

"నేనే," అంది.

ఇద్దరినీ బయటే ఉంచి గేటు వేసేశారు. కాసేపటికి లోపల మిషన్లు మొదలయ్యాయి. బావ రోడ్డు మీద కూలబడి, తల బాదుకుంటూ, పిల్ల పేరు పిలుచుకుంటూ ఏడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ చూడాలని పిన్ని కలలుగన్న ఏడుపు అదే. కళ్ళారా చూద్దామంటే కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనపడలేదు.