అట్టమనిషికి చోటు

నేను ఒక అట్టమనిషిని. ఎత్తు మూడున్నర సెంటీమీటర్లు. నవ్వకండి, ఆర్కిటెక్చర్ కాలేజీల్లో లెక్క వేరు. అక్కడ పిల్లలు భవనాలను యాభయ్యో వంతుకు తగ్గించి అట్టతో నమూనాలు కడతారు. ఆ లెక్కన నేను అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషిని, మీలో చాలామందికంటే పొడుగే. భవనం ఎంత పెద్దదో చూసేవాళ్ళకు తెలియడానికి పక్కన నన్ను నిలబెడతారు. అంతకుమించి నాతో ఎవరికీ పనిలేదు. లోపల నీకు బాగుందా, ఎండ కొడుతోందా అని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు.

నన్ను చేసింది చక్రధర్ అనే విద్యార్థి. వాళ్ళక్క పెళ్ళి శుభలేఖలు మిగిలిపోతే ఒకదాన్ని కోసి చేశాడు. నా వీపు మీద ఇప్పటికీ పెళ్ళికొడుకు ఇంటిపేరు సగం బంగారు రంగులో మెరుస్తూ ఉంటుంది. మొహం పెట్టలేదు. చేతులు విడిగా కోయడానికి ఓపిక లేక ఒంటికే అతికించినట్టు వదిలేశాడు.

చక్రధర్ కట్టింది షాపింగ్ మాల్. దాని కాన్సెప్ట్ తామరపువ్వు. కాన్సెప్ట్ అంటే ఏమిటో మొదట్లో నాకూ తెలియదు. భవనం గీసేముందు దాని వెనక ఒక గట్టి ఆలోచన ఉండాలట. ఈ పిల్లలకు ఆలోచన అంటే పువ్వో పిట్టో. నన్ను తామరరేకు అంచున నిలబెట్టాడు. లోపలికి దారి ఎటో చక్రధర్‌కే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది? సీనియర్లు సామాను పంచిపెట్టి వెళ్ళిపోయే రోజున, గిన్నెలు తోమే పీచుతో చేసిన పచ్చటి చెట్లతో పాటు నేనూ చేతులు మారాను. వీణ ఆకారం సంగీత కళాశాలలో తీగల మీద నిలబడ్డాను. నెమలి బస్టాండులో పింఛం కన్నాల కింద నిలబడ్డాను. ఇర్ఫాన్ అనే ఘటికుడి కాన్సెప్ట్ శూన్యం. ఆ ఊపులో తలుపు పెట్టడం మరిచిపోయాడు. మూడు వారాలు బయటే ఉన్నాను. పరీక్షకులు వచ్చి, శూన్యం ఉట్టిపడుతోందని మెచ్చుకుని వెళ్ళారు.

అలా తిరిగి తిరిగి మూడో ఏడు చదువుతున్న ప్రసూన పెట్టెలో పడ్డాను. ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డు బయట, లోపలివాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళకు ఒక చోటు కట్టాలి. అదీ ఆమెకిచ్చిన ప్రాజెక్టు. మొదటి కాన్సెప్ట్ తల్లి ఒడి. అంతా గుండ్రంగా, జారుడుగా కట్టింది. వీపు ఆనించడానికి గోడ లేదు.

ఆ ప్రాజెక్టు ఇచ్చిన వామనమూర్తి సార్ చూసి, "ఒడి అంటే వంకరగా కట్టడమేనా అమ్మా?" అన్నారు.

రెండో కాన్సెప్ట్ సీతాకోకచిలుక. కప్పు రెండు రెక్కలుగా పైకి లేచి మధ్యలోకి వాలి ఉంటుంది. సార్ దాన్నీ చూశారు. "వాన పడితే నీళ్ళెక్కడికి పోతాయి?" అని అడిగారు. ప్రసూన వేలుపెట్టి చూపించింది. సరిగ్గా నేను నిలబడ్డ చోటు.

"మూడోసారే ఆఖరు. ఈసారీ కాన్సెప్ట్ కుదరకపోతే, వచ్చే ఏడు జూనియర్లతో కూర్చుని ఇదే ప్రాజెక్టు మళ్ళీ చేద్దువుగాని," అన్నారాయన.

పాపం, గదికి వచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. తోటివాళ్ళంతా పై తరగతికి వెళ్ళిపోతారు, తనొక్కతీ మిగిలిపోతుంది. ఏడుస్తూనే కాగితం తీసుకుని శంఖం బొమ్మ గీయడం మొదలుపెట్టింది. నా గుండె జారిపోయింది. అందులో నన్ను ఏ మెలికలో ఇరికిస్తుందో!

శంఖం నమూనా వెనక అతికించడానికి ఆసుపత్రి ఫొటోలు కావలసివచ్చి, ఒక మధ్యాహ్నం నన్ను ఫైలుకు క్లిప్పుతో తగిలించుకుని బయల్దేరింది. అంతకుముందు ఆమె అక్కడికి వెళ్ళింది ఒక్కసారే. టేపుతో స్థలం కొలుచుకుని వచ్చేసింది. మనుషులు అడ్డంగా కూర్చుని ఉంటే కాస్త జరగమంది కూడా.

ఆసుపత్రి ఆవరణ చివర ఎవరో దాత కట్టించిన షెడ్డు ఉంది. గ్రానైట్ బల్లలు, నాలుగు ఫ్యాన్లు, తలుపంత పాలరాతి మీద దాతగారి పేరు. లోపల ఒక కుక్క మాత్రం ఫ్యాను కింద కాళ్ళు బారజాపుకుని నిద్రపోతోంది. మనుషులందరూ కాన్పుల వార్డు మెట్ల మీద, మండే ఎండలో, నెత్తిన తువ్వాళ్ళు వేసుకుని కూర్చున్నారు. ప్రసూనకు ఒళ్ళు మండింది. మెట్టు మీద ఫైలు పెట్టి, పక్కనున్న ముసలమ్మను అడిగేసింది.

"అంత మంచి షెడ్డు ఉండగా ఈ ఎండలో ఎందుకు కూర్చున్నారమ్మా?"

ఆవిడ పేరు సూరీడమ్మ. కూతుర్ని కాన్పుకి తీసుకొచ్చింది. "అక్కడ కూకుంటే నర్సమ్మ పిలిస్తే ఇనబడతాదేటి? మా గౌరి లోన నొప్పులు పడతంది. మందు తెమ్మంటారో, రగతం కావాలంటారో. పలక్కపోతే ఎవలూ లేరనుకుని తలుపేసేసుకుంటారు. ఫేను గాలికని ఎల్లి కూకుంటే నా పిల్లేటైపోద్ది?"

అంతలో తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటపెట్టి కేక వేసింది. "గౌరి తాలూకా ఎవరు?"

మెట్ల మీద ఉన్న తలలన్నీ ఒక్కసారి లేచాయి. "నేనేనమ్మా, నేనే! వస్తన్నా!" అంటూ సూరీడమ్మ చివాలున లేచి పరుగెత్తింది. ఆ పరుగులో ఆవిడ మొదటి అడుగు ఫైలు మీద పడింది. నేను నడుం దగ్గర ఒకసారి, మోకాళ్ళ దగ్గర ఒకసారి మడతపడిపోయాను.

ప్రసూన నన్ను చూడనే లేదు. ఫొటో ఒక్కటీ తీయలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కాస్త కాస్త వెనక్కి జరిగి నిలబడి వినడం మొదలుపెట్టింది. ఇరవై రెండు అడుగుల దాకా పేరు స్పష్టంగా తెలిసింది. ఆ పైన ఎవరినో పిలుస్తున్నారని తెలిసింది గానీ ఎవరినో తెలియలేదు. షెడ్డు అక్కడికి తొంభై అడుగుల దూరంలో ఉంది. సూరీడమ్మ బయటికి వచ్చి, "ఆడపిల్లమ్మా, ఇద్దరూ బాగున్నారు," అని ఎవరికి చెబుతోందో కూడా చూసుకోకుండా చెబుతూంటే, ప్రసూన కూడా కళ్ళు తుడుచుకుంది.

శంఖం చెత్తబుట్టలోకి పోయింది. నాకెంత సంతోషమేసిందో! మెట్లను ఆనుకుని పొడుగ్గా ఒక కప్పు కట్టింది. దాని కింద, వార్డు తలుపుకు ఇరవై రెండు అడుగుల లోపలే, అటువైపు తిరిగి ఉండే బల్లలు, వీపు ఆనించడానికి గోడ. పువ్వు లేదు, పిట్ట లేదు. నన్ను నిలబెట్టబోతే మడతల వల్ల నిలబడలేకపోయాను. సరే అని బల్ల మీద కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళలో నేను కూర్చోవడం అదే మొదలు. అబ్బ, ప్రాణం లేచొచ్చింది.

పరీక్ష రోజున బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఇది పక్షా, పడవా?"

"ఏదీ కాదు సార్."

"మరి కాన్సెప్ట్?"

ప్రసూన అట్టతలుపు మీద వేలు పెట్టింది. "తలుపు దగ్గర పేరు పిలిస్తే, ఇక్కడ కూర్చున్నవాళ్ళకి వినబడాలి. అంతే సార్."

"ఇందులో డిజైనేముందమ్మా?" అన్నాడాయన.

వామనమూర్తి సార్ నమూనా దగ్గరికి వచ్చారు. కళ్ళజోడు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, నమూనా పెట్టిన బల్లకు చెంప ఆనించారు. ఇన్నేళ్ళుగా వచ్చినవాళ్ళంతా నన్ను పైనుంచి, హెలికాప్టర్లో వెళుతున్నట్టు చూసినవాళ్ళే. నేను కూర్చున్న ఎత్తుకు దిగి, నేను చూసే వైపు చూసినవారు ఆయనొక్కరే. ఆయన కన్ను నా పక్కనే ఉంది, ఎర్రటి జీరలతో, కూర్చున్న నాకంటే కాస్త పెద్దదిగా.

"ఇరవై రెండు అడుగులని రాశావు. ఎలా కొలిచావు?" అని అడిగారు, తల ఎత్తకుండానే.

"విని, సార్."

ఆయన లేచి, రిజిస్టర్లో ప్రసూన పేరెదుట సంతకం పెట్టి, పాసైనట్టు రాశారు. బయటి పరీక్షకుడు పక్క బల్ల దగ్గర హంస ఆకారం విమానాశ్రయం చూడటానికి వెళ్ళిపోయాడు. సార్ మాత్రం వెళ్ళలేదు. మళ్ళీ వంగి, నా పక్కన చెంప ఆనించి, లోపల తన మనిషెవరో ఉన్నట్టు ఆ అట్టతలుపు వైపే చూస్తూ ఉండిపోయారు.