పెండ్రిల్ దొర లాంచీ

రత్నావతి తోట బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుండగా, ఒక తెల్లదొర టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కొబ్బరితోటకి దొరలు రావడం కొత్తేమీ కాదు. బడి గుమ్మంలో టోపీ తీసిన దొరని చూడటం మాత్రం ఆమెకి అదే మొదలు. యాభై దాటిన మనిషి. ఎండకి కమిలిన ముఖం. ఊగే ఓడ మీద నిలబడినట్టు కాళ్లు ఎడంగా వేసి నిలబడ్డాడు.

"నా పేరు పెండ్రిల్. నౌకాదళంలో కమాండర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఈ తీరంలో అడవిలోకి పోయినవాళ్లతో సర్కారు తరపున మాట్లాడటం నా పని," అని ఇంగ్లీషులో చెప్పి, జేబులోంచి ఒక గులాబీరంగు కాగితం తీశాడు. "ఇది మీ భాషేనట. ఇందులో ఏముందో చెబుతారా?"

విమానం మీంచి మడ అడవుల్లోకి వేలకొద్దీ చల్లిన కాగితం అది. రత్నావతి చదివింది. "ఓ దుష్టులారా! ఆయుధములను సమర్పించి శరణాగతులు కండు!" నవ్వు ఆపుకోలేకపోయింది.

"సార్, ఇది మా తోటవాళ్లకి అర్థం కాదు. అర్థమైతే ఒళ్లు మండుతుంది. పిలుస్తున్నారా, తిడుతున్నారా?"

దొర నవ్వలేదు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "అయితే ఎలా పిలవాలో మీరే చెప్పండి," అన్నాడు.

అది 1956 జనవరి, తెల్లవాళ్ల ఏలుబడిలో ఉన్న మలయ్ దేశం. బాగన్ దాతో తీరంలో ఆ తోటలో తొంభై తెలుగు కుటుంబాలున్నాయి. విశాఖపట్నం, శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో ఓడలెక్కి వచ్చినవాళ్లు. ఎనిమిదేళ్ల కిందట తెల్ల సర్కారు ఎమర్జెన్సీ పెట్టి, సంఘాలు నడిపేవాళ్లని పోలీసులు పట్టుకుపోతున్నప్పుడు, ఈ తోట కూలీల సంఘం కార్యదర్శి అప్పడు ఒక తెల్లవారుజామున లాయంలోంచి, అంటే కూలీల ఇళ్ల వరసలోంచి, మాయమయ్యాడు. ఇప్పుడతను మరో నలుగురితో కలిసి తుపాకీ పట్టి నది మొగలోని మడ అడవిలో ఉన్నాడని అందరికీ తెలుసు. వాళ్లకి తిండి అందకూడదని సర్కారు తోటకి బియ్యం ఇవ్వడం మానేసింది. కంచె లోపల ఒకే పెద్ద పొయ్యి పెట్టి, వండిన అన్నం మాత్రమే పంచుతోంది. పనికెళ్లే ఆడవాళ్ల కొప్పులు కూడా విప్పించి వెతుకుతున్నారు. లొంగిపోయినవాళ్లని క్షమిస్తామన్న గడువు ఫిబ్రవరి ఎనిమిదితో తీరిపోతుంది. ఆలోగా ఆ ఐదుగురూ బయటికి రాకపోతే తోటలోని లాయాలన్నీ కూలగొట్టి, తొంభై కుటుంబాలనీ ఎక్కడో లోపల ముళ్లకంచె ఊరికి తరలించాలని ఆర్డరు సిద్ధమైంది.

దొర అడిగిన పనికి రత్నావతి సరేనంది. ఆమె తండ్రి అప్పయ్య తోటలో కూలీల పని చూసే కండక్టరు. ఈ మాట వినగానే మండిపడ్డాడు.

"నీకేటి మతి పోయిందా? అటు పోలీసోలు, ఇటు అడవోలు! మజ్జిన నువ్వేటి సేస్తావు?"

"మజ్జిన మాటాడేవోలు లేకే గదా నాన్నా ఇంతదాకా వొచ్చింది!"

మర్నాడు అప్పడి తల్లి మరిడమ్మ బడి దగ్గరికి వచ్చి రత్నావతి రెండు చేతులూ పట్టుకుంది. "టీచరమ్మా, మా వోడితో నా మాటగా ఒకటే సెప్పు. నానింకా బతికే వున్నానని సెప్పు, సాలు."

తర్వాత వారం రోజులు ఉదయం పూట పెండ్రిల్ దొర లాంచీ మడ అడవి అంచునే తిరిగింది. దొర దగ్గర పనిచేసే తమిళుడు అరుముగం చుక్కాని పట్టుకున్నాడు. లాంచీ కప్పు మీద మైకు. రత్నావతి గొంతు ఆకుల మధ్యకి వెళ్లేది.

"అప్పడన్నా! నాను రత్నాన్ని, అప్పయ్య కండక్టరు కూతుర్ని. మీయమ్మ బతికే వుంది. మోకాళ్లు నొప్పెడతన్నా పనికి ఎల్తంది. నిన్ను లొంగిపొమ్మని అడగడానికి నాను రానేదు. ఇంటికి రాడానికి దారుంది, ఒక్కపాలి ఇని పో!"

మొదటి రోజు కొంగలు లేచాయి. అంతే. రెండో రోజూ అంతే. మధ్యాహ్నం లాంచీ ఒడ్డుకొచ్చేసరికి రత్నావతి గొంతు బొంగురుపోయేది. ఎనిమిదో రోజున, బురదలో గుల్లలు ఏరుకునే ఒక మలయ్ ముసలాయన కమాండర్‌కి ఒక చీటీ తెచ్చిచ్చాడు. తెలుగులో పెన్సిలు రాత. "దొర, రత్నం ఇద్దరే రావాలి. మూడో పాయలోకి. తుపాకులొద్దు. పోలీసులు కనపడితే మేమెల్లిపోతాం."

జిల్లా పోలీసు అధికారి అందుకు ఒప్పుకున్నాడు. తన బోట్లు నది మొగ దాటవని మాటిచ్చాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి పోటు నిండుగా ఉన్నప్పుడు లాంచీ మూడో పాయలోకి మళ్లింది. చుక్కాని దగ్గర అరుముగం ఒక్కడు ఉండక తప్పలేదు. పాయ సన్నం. రెండు పక్కలా మడచెట్ల వేళ్లు నీళ్లలోకి దిగి ఉన్నాయి. అర మైలు పోయాక అరుముగం వెనక్కి చూసి ఉలిక్కిపడ్డాడు.

"దొరై! పోలీస్ బోట్!"

మొగ దాటి రెండు బూడిదరంగు బోట్లు వస్తున్నాయి. రత్నావతి చెట్ల వైపు చూసింది. అడవిలో ఉన్నవాళ్లు వీటిని చూసే ఉంటారు. తాను వారం రోజులు పిలిచింది తమని వలలోకి లాగడానికేనని అనుకుంటారు.

కమాండర్ ఒక్క క్షణం వాచీ చూసుకున్నాడు, ఒక్క క్షణం నీళ్లకేసి చూశాడు. పాటు అప్పుడే మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. మడ వేళ్ల మీద తడి గీత జానెడు పైకి తేలింది.

"అరుముగం, ఇంకా లోపలికి పోనీ."

"దొరై, లోపలికి పోతే బురదలో కూర్చుంటాం! సాయంత్రం దాకా కదలదు!"

"అదే కావాలి."

లాంచీ ఇంకో పావు మైలు వెళ్లింది. అడుగున బరబరమని బురద తగిలింది. కమాండర్ ఇంజను ఆపించాడు. చూస్తుండగానే నీళ్లు జారిపోయాయి. లాంచీ ఒక పక్కకి ఒరిగి, గున్న ఏనుగు కూర్చున్నట్టు బురదలో కూర్చుంది. వెనక పోలీసు బోట్లు నీళ్లు తగ్గడం చూసి, తామూ చిక్కుకుపోతామన్న భయంతో మొగ వైపు వెనక్కి మళ్లాయి.

కమాండర్ లాంచీ అంచు మీద కూర్చుని బూట్లు విప్పాడు. "వాళ్లకి చెప్పండి," అన్నాడు రత్నావతితో. "సాయంత్రం దాకా మేము ఎక్కడికీ పారిపోలేం. మా దగ్గరికి ఎవరూ రాలేరు. మీరు మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోవచ్చు. కాబట్టి తీరిగ్గా మాట్లాడుకుందాం."

రత్నావతి మైకు తీసుకోలేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గొంతెత్తి ఆ మాటలే అరిచింది.

చాలాసేపు పీతలు బురదలో చేసే టిక్ టిక్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత వేళ్ల మధ్యనుంచి ఒక మనిషి మోకాళ్లలోతు బురదలో నడుచుకుంటూ వచ్చాడు. ఎముకలు లెక్కపెట్టవచ్చు. గడ్డం సగం నెరిసింది. చేతిలో తుపాకీ. తనకి సైకిలు తొక్కడం నేర్పించిన అప్పడన్న అతనేనని పోల్చుకోవడానికి రత్నావతికి కొంతసేపు పట్టింది.

"పెద్దదానివైపోయినావు రత్నం," అన్నాడు అతను. తర్వాత దొర వైపు చూశాడు. "ఈ పోలీసు బోట్లేటి? నీ దొర మాటిచ్చినాడు గదా!"

ఆమె అడిగింది. కమాండర్ మొహం దాచుకోకుండా జవాబిచ్చాడు. "మాటిచ్చింది వాళ్లు. తప్పిందీ వాళ్లే. అందుకే ఈ బురదలో కూర్చున్నాను."

"ఈయన మాట మట్టుకు నాను ఎలా నమ్మేది?"

అప్పుడు కమాండర్ తన గతం చెప్పాడు. రత్నావతి ఒక్కో వాక్యమే తెలుగులోకి మార్చింది. యుద్ధకాలంలో ఆయన లిస్బన్‌లో, బ్రిటిష్ రాయబార కార్యాలయంలో నౌకాదళ ప్రతినిధి. ఏ పక్షమూ పట్టని దేశం అది. ఒకే కాఫీ హోటల్లో ఈ బల్ల దగ్గర ఇంగ్లీషువాళ్లు, ఆ బల్ల దగ్గర జర్మన్లు కూర్చునేవారు. ఓడ మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన నలభై మంది బ్రిటిష్ నావికులు అక్కడ చిక్కుకుపోయారు. వాళ్లని విడిపించడానికి ఆయన రేవు అధికారికి ఒక మాటిచ్చాడు. గాయపడిన జర్మన్ నావికులని ఇంటికి తీసుకెళ్లే ఓడని ఇంగ్లీషువాళ్లు ఆపరని. నలభై మందీ విడుదలయ్యారు. తర్వాత లండన్ నుంచి తంతి వచ్చింది: ఆ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో తెలియజేయి, పట్టుకుంటాం.

"తెలియజేసినాడా?" అన్నాడు అప్పడు.

"లేదు," అన్నాడు కమాండర్, తర్జుమా కోసం ఆగకుండానే. ఆ ప్రశ్న ఏమిటో ఆయనకి అర్థమైంది. "ఓడ క్షేమంగా వెళ్లింది. ఆ తర్వాత నాకు పై హోదా రాలేదు. ఆనాడు కమాండర్‌నే, రిటైరయ్యేనాటికీ కమాండర్‌నే."

అప్పడు బురదలోనే నిలబడి ఆలోచించాడు. "మరి మా గతేటి? వొస్తే ఏటవుద్ది?"

"ఉరి ఉండదు. కేసు ఉండదు," అన్నాడు కమాండర్. "కాని వెంటనే ఇంటికి పంపరు. తైపింగ్ శిబిరంలో ఉంచుతారు. ఆరు నెలలో, ఏడాదో. ఎంతకాలమో నాకు తెలియదు, అందుకని మాటివ్వలేను."

రత్నావతి నోరు తెరిచి ఆగిపోయింది. దొరకి తెలుగు రాదు. ఈ ముక్క మింగేస్తే అడిగేవాడు లేడు. శిబిరం అన్న మాట వినగానే అప్పడు వెనక్కి తిరిగి నడిచిపోతే, తొంభై ఇళ్లు నేలమట్టం. మరిడమ్మ ముఖం, బడి పిల్లల ముఖాలు కళ్ల ముందు తిరిగాయి. ఒక్క మాట తగ్గిస్తే అందరూ ఇంటికి పోతారు. కాని రేపు ఈ మనిషి శిబిరం ముళ్లకంచె వెనక నిలబడి తన గురించి ఏమనుకుంటాడు? తన భాషలో తనని మోసం చేసింది తన మనిషేనని అనుకోడా?

ఉన్నదున్నట్టు చెప్పింది. "ఏడాది పడితే పట్టొచ్చు అప్పడన్నా. దొర మాటివ్వలేనంటన్నాడు."

అప్పడు ఆమె కళ్లలోకి చూశాడు. నెమ్మదిగా అతని ముఖంలో ఏదో సడలింది.

"ఎనిమిదేళ్లలో నాకు సేదు మాట సెప్పినోలు మీరిద్దరే. అబద్ధమాడీవోలు ఏడాదని సెప్పరు. రేపే ఇంటికి పంపుతామంటారు." వెనక్కి తిరిగి చెట్ల వైపు మలయ్‌లో ఏదో కేకేశాడు.

ఒకరి వెనక ఒకరు నలుగురు బయటికి వచ్చారు. ఐదు తుపాకులూ లాంచీ కప్పు మీద వరసగా పెట్టారు. అరుముగం స్టవ్ వెలిగించి టీ కాచాడు. రత్నావతి తన క్యారియరులోని అన్నం, ఎండుచేపల పులుసు ఏడుగురికీ సర్దింది. తలో నాలుగు ముద్దలు వచ్చాయి. కమాండర్ కూడా బురదకాళ్లతో వాళ్ల మధ్యే కూర్చుని చేత్తో తిన్నాడు.

సాయంత్రం ఆరు దాటాక పోటు తిరిగి వచ్చింది. లాంచీ లేచి తేలింది. మొగ దగ్గర పోలీసు బోట్లు అడ్డం నిలిచాయి. బేడీలు పట్టుకుని అధికారి లేచి నిలబడ్డాడు. పెండ్రిల్ దొర లాంచీ ముక్కు మీదికి వెళ్లి నిటారుగా నిలబడ్డాడు.

"ఈ పడవ మీద ఉన్నవాళ్లు నా అతిథులు. వీళ్లు తమంతట తామే వచ్చారు. బేడీలు వేయాలంటే మొదట నాకు వేయండి. ఎందుకు వేశారో రేపు పొద్దున్న కౌలాలంపూర్‌కి మీరే రాసుకోండి."

అధికారి బేడీలు కింద పెట్టాడు. తర్వాత బోటు పక్కకి జరిగింది.

జెట్టీ మీద తోట అంతా నిలబడి ఉంది. కర్ఫ్యూ సంగతి ఎవరికీ గుర్తు లేదు, గుర్తు చేయడానికి సిపాయిలకీ మనసు రాలేదు. మరిడమ్మ మోకాళ్ల నొప్పి మరిచి జెట్టీ చెక్కల మీద పరుగెత్తింది. కొడుకుని కౌగలించుకోలేదు. రెండు చెంపలూ వాయించింది.

"ఎనిమిదేళ్లురా! ఎనిమిదేళ్లు! ఏటి తిన్నావురా, ఇలాగైపోనావు!" అని, అప్పుడు ఏడ్చింది. ఆమెతోపాటు అప్పయ్య కండక్టరు కూడా కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కూతురి భుజం మీద చెయ్యి వేసి, వచ్చినవాళ్లందరికీ వినపడేలా, "నా కూతురు!" అన్నాడు.

వారం తిరక్కుండా తరలింపు ఆర్డరు రద్దయింది. పెద్ద పొయ్యి ఆరింది. తోట ఆడవాళ్లు తమ తమ ఇళ్లలో ఎసరు పెట్టుకున్నారు. ఆ రోజు ఏ లాయంలో చూసినా ఉడుకుతున్న బియ్యం వాసన. పెండ్రిల్ దొరకి మాత్రం సర్కారు లాంచీని కావాలని బురదలో దింపినందుకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. దానికి జవాబు ఆయన రత్నావతికి చదివి వినిపించాడు: "పాటు సంగతి ముందే తెలుసు. మళ్లీ అవసరమైతే మళ్లీ దింపుతాను."

అప్పడు పది నెలలకి తైపింగ్ నుంచి తిరిగొచ్చాడు. వడ్రంగం నేర్చుకుని వచ్చి, బడికి కొత్త బల్లలు చేశాడు. పౌరసత్వం నమోదు మొదలైనప్పుడు జిల్లా ఆఫీసు నుంచి రత్నావతికి పిలుపు వచ్చింది. తెలుగు, తమిళం, మలయ్, ఇంగ్లీషు నాలుగూ వచ్చిన దుబాసీ కావాలన్నారు. తోటతోట తిరిగి ఆమె వందల మంది పేర్లు రాయించింది.

1957 ఆగస్టు ముప్పై ఒకటి, మలయ్ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. తెలుక్ ఆన్సన్ ఊరి మైదానంలో పొద్దుటి వానకి గడ్డి ఇంకా తడిగా ఉంది. తోటల జనం లారీల మీద వచ్చారు. పెండ్రిల్ దొర తెల్లని నౌకాదళ దుస్తులు వేసుకుని కుర్చీల వరసలోకి వెళ్లకుండా తోటవాళ్ల మధ్యే నిలబడ్డాడు. కొత్త జెండా స్తంభం మీదికి పాకుతుంటే సెల్యూట్ చేశాడు.

"బాధగా లేదా సార్?" అంది రత్నావతి.

"ఒక దేశం తన ఇంటి తాళం తను తీసుకుంటుంటే బాధపడేదేముంది?" అన్నాడు ఆయన. "నా ఉద్యోగమంతా ఇతరుల దేశాల్లోనే గడిచింది రత్నావతీ. పని పూర్తయి వెళ్లడం మాత్రం ఇదే మొదటిసారి."

మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, ప్రకటన చదవడానికి వేదిక మీద మలయ్ అధికారి ఇంకా కాగితం విప్పుతున్నాడు. మరిడమ్మకి అంత ఓపిక లేదు. పిడికిలి పైకెత్తి, తోట ఆ కొస నుంచి ఈ కొసకి కేకేసే గొంతుతో, "మెర్దేకా!" అని అరిచింది. మైదానమంతా ఒక్క క్షణం ఆమె వైపు తిరిగి చూసింది.

"అమ్మా, ఇంకా అవనేదే, ఉండు!" అన్నాడు అప్పడు నవ్వాపుకుంటూ.

"ఉండేదేటిరా! ఇంకెన్నాళ్లుండాలి?" అంది మరిడమ్మ, మళ్లీ పిడికిలెత్తింది. ఈసారి ఆమెతోపాటు మైదానమంతా అరిచింది.