బడికి వెళ్ళే నీడ

పొద్దున్నే కొడుకు ముటాను బడికి పంపడం కెమిలెంబెకు చిన్న పనేం కాదు. ముందు తడిగుడ్డ కళ్ళ మీద వేసి, రాత్రంతా ఊరి అంటుకుపోయిన పుసిని నెమ్మదిగా కరిగించాలి. రెప్పలు విడివడ్డాక ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేయాలి. చుక్క పడగానే కంటి లోపలి మూలను వేలితో నొక్కి పట్టుకోవాలి, మందు గొంతులోకి జారిపోకుండా. వాడు "అయ్యిందా, అయ్యిందా" అని కాళ్ళు ఆడిస్తూనే ఉంటాడు. సీసా మూత బిగించిందో లేదో ఒకసారి చూసుకునేది. లోపల పెట్టేసి, మళ్ళీ తీసి ఇంకోసారి చూసుకునేది.

ఇవన్నీ అయ్యాక గుమ్మంలో నిలబడి తన నీడను మడమల దగ్గర ఊడదీసేది. ఒంటికి చుట్టుకునే కాంగా గుడ్డను దులిపినట్టు గట్టిగా దులిపేది, దానికి దుమ్ముంటే పిల్లాడి కళ్ళు దురద పెడతాయని. అప్పుడు వాడి వెంట పంపేది. నీడ ఎండకూ వాడి ముఖానికీ మధ్య ఉండేట్టు చూసుకుంటూ, దారి మలుపు తిరిగినప్పుడల్లా పక్క మార్చుకుంటూ బడిదాకా వెళ్ళేది.

డొడొమా ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. మాస్టారు ముటాను తలుపు పక్క బెంచీకి మార్చాడు, నీడ వచ్చిపోవడానికి వీలుగా ఉంటుందని. బొగ్గులమ్మే ఆవిడ మధ్యాహ్నం వాకిట్లోంచే కేకేసేది. "మీ నీడ ఇప్పుడే మసీదు దాటింది. పిల్లాడు కళ్ళు నులుముకోవడం లేదులే."

కెమిలెంబెది బుకోబా. సరస్సు ఒడ్డు, ఎప్పుడూ వాన, ఇంటి చుట్టూ అరటితోట. మొగుడు లారీ నడుపుతాడు. ఆ లారీ కోసమే ఇక్కడికి వచ్చారు. వచ్చాక ఆ లారీ మొగుణ్ణి ఇంటిపట్టున ఉండనివ్వలేదు. వానలు వెనకపట్టి గాలి మొదలైతే ఊరంతా ఎర్రదుమ్ము. ఆ దుమ్ములో ముటా కళ్ళు చింతనిప్పుల్లా అయ్యేవి. పోయిన ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం వాడు నడిరోడ్డు మీద కళ్ళు మూసుకుని కూలబడిపోతే, ఏం చేయాలో తోచక ఆమె తన నీడతో "నువ్వు వీడి దగ్గరే ఉండు" అంది. అది ఉండిపోయింది.

నీడ లేకుండా వరండాలో కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. చేతి నీడ గుడ్డ మీద పడదు కాబట్టి ఆమె కుట్టు గీత గీసినట్టు ఉంటుందని పేరు. ఎండ మాత్రం ఆమెను నాలుగు వైపుల నుంచీ కాల్చేది. పక్కన కూర్చుని పలకరించేది పక్కవాటాలో ఉండే ముసలావిడ ఒక్కతే. న్యేమొ అనే మనవరాలిని పెంచుతోంది కాబట్టి అందరూ ఆమెను న్యేమొ అవ్వ అనేవారు. "అరటికాయలు తినే జాతి, ఎండకు ఆగుతారా" అని ఎగతాళి చేస్తూనే గిన్నెడు మ్లెండా ఆకుకూర తెచ్చి పెట్టేది. న్యేమొకీ ఇదే కళ్ళ జబ్బు. పిల్లలిద్దరూ ఒకే పళ్ళెంలో ఉగాలి ముద్ద తిని, ఒకే చాప మీద కళ్ళకు తడిగుడ్డలు వేసుకుని పడుకునేవారు.

ఇద్దరినీ కంటి ఆసుపత్రిలో ఒకేరోజు మందు పరీక్షకు చేర్చుకున్నారు. అక్కడి నర్సు, సిస్టర్ ఐకాండే ఓపికగా చెప్పింది. సీసాలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కొన్నింట్లో కొత్త మందుంది, కొన్నింట్లో కంటిని తడిపే నీళ్ళే. ఎవరికి ఏది వచ్చిందో నాకూ తెలీదు, డాక్టరమ్మకూ తెలీదు. పిల్లలకు బాధ ఎక్కువైతే మాత్రం ఆ క్షణమే రండి, పరీక్ష పక్కన పెట్టి వైద్యం చేస్తాం.

ఆ సాయంత్రం అవ్వ తన సీసా పట్టుకుని వచ్చింది.

"ఒక గిన్నె తీయి పిల్లా. రెండూ అందులో పోసి కలుపుదాం. ఒకదాంట్లో మందుంటే ఇద్దరికీ సగం సగం గుణం."

"కలిపితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు అవ్వా."

"తెలిసి ఎవరిని ఉద్ధరించాలి? కళ్ళు బాగుంటే చాలదూ?"

"కలపకూడదన్నారు. మూత తీసి పోస్తే మందూ చెడుతుంది."

అవ్వ సీసాను కొంగున ముడేసుకుంది. "ఒకే పళ్ళెంలో తింటారు. కళ్ళ దగ్గరికొచ్చేసరికి గోడ కట్టావు" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూర గిన్నె రాలేదు. పక్కవాటా తలుపు మూసే ఉండేది. కెమిలెంబె ఒకటి రెండుసార్లు తట్టబోయి, ఏం మాట్లాడాలో తెలియక వెనక్కి వచ్చేసింది.

కొన్ని వారాలకు ముటాను ఆసుపత్రిలో చూపించడానికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రెప్ప తిరగేసి చూసింది. లోపల గులకరాళ్ళు పేర్చినట్టున్న బుడిపెలు అలాగే ఉన్నాయి. "ఇవి పోవడానికి నెలలు పడుతుంది. ముందు తగ్గాల్సింది వెలుతురు బాధ" అని సిస్టర్‌కు అప్పగించింది.

"ఎండలో నీడ వెతుక్కుంటున్నాడా?" సిస్టర్ అడిగింది.

"లేదు. వెతుక్కోడు."

"బడికి వెళ్ళేటప్పుడు చెట్ల కిందుగా, గోడల వారగా?"

"లేదు సిస్టర్. నడిమధ్యలోనే నడుస్తాడు."

సిస్టర్ ముఖం విప్పారింది. ఆ సంతోషం కెమిలెంబెకూ అంటుకుంది. బస్సెక్కి, కిటికీ పక్కన కొడుకును కూర్చోబెట్టుకుని, వాడి ముఖాన తన నీడ సర్దుకుని వాలడం చూసేదాకా ఉంది ఆ సంతోషం. అప్పుడు తట్టింది. వాడు నీడ వెతుక్కోడు, నిజమే. వెతుక్కునే అవసరం ఎప్పుడు వచ్చింది కనక? చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. అన్నీ కలిపితే మాత్రం అబద్ధమే. పైగా మందు పనిచేస్తోందో, తన నీడే కాస్తోందో తనకూ తెలియదు.

కుట్టగా మిగిలిన పేలికలు కూడా గుడ్డ ఇచ్చినవాళ్ళకు తిరిగిచ్చే మనిషి ఆమె. మర్నాడు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది.

"నీడా? ఏ నీడ?" అంది సిస్టర్.

"నాదే. రోజూ వాడితో పంపిస్తాను."

సిస్టర్ ఆమె కాళ్ళ కిందికి తొంగిచూసింది. "నిన్న గమనించాను. చెప్పులతోపాటు బయట వదిలారేమో అనుకున్నా."

డాక్టరమ్మ నవ్వలేదు. "తప్పు మీది కాదమ్మా, మేం అడిగిన తీరుది. మేం చెట్టు నీడ గురించి అడిగాం. అమ్మ నీడ సంగతి అడగాలని తోచలేదు. ఈ వారం దాన్ని ఇంట్లో ఉంచండి."

"వాడు కళ్ళు తెరవలేకపోతే?"

"వెంటనే తీసుకురండి. ఈ మందు కాదని తెలుస్తుంది, ఇంకో దారి చూస్తాం. తెలియకపోతే ఏ దారీ చూడలేం."

మర్నాడు పొద్దున ముటా గుమ్మం దిగి వెనక్కి చూశాడు. "అది రావట్లేదా?"

"ఇవాళ రాదు నాన్నా. నొప్పేస్తే మాస్టారికి చెప్పి వచ్చెయ్యి. టోపీ తీయకు. కళ్ళు నులమకు."

"సరే అన్నానుగా" అంటూ వాడు పరుగెత్తాడు.

ఆమె నీడను మడమలకు తగిలించుకుని కుట్టుకు కూర్చుంది. చేతి నీడ గుడ్డ మీద పడుతుంటే కుట్టు వంకర్లు పోయింది. కుట్టింది విప్పి మళ్ళీ కుట్టింది, మళ్ళీ విప్పింది. నీడ కూడా కుదురుగా లేదు, తాడేసి కట్టిన మేకలా వాకిలి వైపే లాగుతోంది. వీధిలో ఏ పిల్లాడి ఏడుపు వినపడ్డా ఇద్దరూ ఒకేసారి లేచారు.

ముటా మధ్యాహ్నం ఇల్లు చేరాడు. మోకాళ్ళు దోక్కుపోయి ఉన్నాయి, టోపీ చేతిలో ఉంది. గడ్డం పట్టుకుని వాడి కళ్ళను వెలుతురుకు తిప్పి చూసింది. కొంచెం ఎరుపు, అంతే.

"నీడ వెతుక్కున్నావా?"

"మర్చిపోయా." ఒక గుక్క నీళ్ళు తాగి అన్నాడు, "అమ్మా, రేపు కూడా పంపకు. అది ఉంటే నాకు బంతి ఇవ్వరు. మీ అమ్మ చూస్తోందిరా అంటారు."

"సరే" అంది కెమిలెంబె. లోపలికి వెళ్ళి, కడిగి బోర్లించిన గిన్నెల్ని మళ్ళీ కడిగింది.

వారం గడవకముందే నీడ ఆమె కాళ్ళ దగ్గర నిలవడం మానేసింది. పొద్దున్నే జారుకుని, పొద్దుగూకేటప్పుడు తిరిగొచ్చేది. బడికి పోతోందేమోనని ఆమెకు భయం. ఒకరోజు వెంట వెళ్ళి చూసింది. అది వీధిలోకే పోలేదు. నడవ దాటి, పక్కవాటా తలుపు కింది సందులోంచి లోపలికి దూరింది.

ఈసారి తలుపు తట్టింది.

కిటికీకి గోనెసంచులు కుక్కి, గది చీకటిగా ఉంది. న్యేమొ చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అవ్వ పక్కనే కూర్చుని విసురుతోంది.

"దారి తెలిసిందా?" అంది అవ్వ. "నీ నీడకు మొన్ననే తెలిసింది. అదొస్తేనే ఈ పిల్ల కాసేపైనా కళ్ళు విప్పుతోంది."

కెమిలెంబె కూర్చుని న్యేమొ తలను ఒళ్ళోకి తీసుకుంది. నీడ వచ్చి పిల్ల ముఖం మీద వాలింది. రెప్పలు మెల్లగా విడివడ్డాయి. అవ్వ చూపుకు ఆననిది కెమిలెంబెకు ఆనింది. కుడికంటి నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు.

"ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదు అవ్వా?"

"ఎట్లా తీసుకుపోను? గుమ్మం దాటితే గావుకేకలు పెడుతుంది. అయినా పోతే సీసా లాక్కుంటారు. ఉన్నదీ పోతుంది."

"లాక్కుని మంచి మందు ఇస్తారు. మొదటిరోజే చెప్పారుగా."

"వాళ్ళు చెప్పింది నీకులా నాకూ అర్థమైతే నీతో పనేముంది?" అవ్వ విసనకర్ర కింద పెట్టింది. "గిన్నె అడిగినప్పుడు ఇచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

ఆ మాట నిజమో కాదో కెమిలెంబెకు తెలియదు, ఎప్పటికీ తెలియకపోవచ్చు కూడా. పిల్లను ఎత్తుకుంది. నీడ తనంతట తనే న్యేమొ ముఖం చుట్టూ ముసుగులా దిగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ముగ్గురూ బస్టాండుకు బయల్దేరారు. న్యేమొ ఒక్కసారి కూడా అరవలేదు. కండక్టరు నీడకు కూడా చోటుండాలని పక్క సీటు ఖాళీ చేయించాడు.

డాక్టరమ్మ చూడగానే న్యేమొను పరీక్షలోంచి తప్పించి ఆసుపత్రిలో చేర్చుకుంది. "ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఆ కన్ను మిగిలేది కాదు" అంది. ఏ సీసాలో ఏముందో పరీక్షలన్నీ ముగిశాకే చెబుతారట. కెమిలెంబె అడగలేదు. అవ్వా అడగలేదు.

న్యేమొ ఇంటికొచ్చిన రోజు పక్కవాటా నుంచి మూతపెట్టిన గిన్నె వచ్చింది. దాంతోపాటు మాటేమీ రాలేదు. పువ్వు చిన్నదైంది, చూపు నిలిచింది. ఎండ మాత్రం ఇంకా పడదు. అందుకని ఇప్పుడు పొద్దున్నే కెమిలెంబె తన నీడను దులిపి న్యేమొ వెంట పంపిస్తుంది. న్యేమొకు నీడతో వెళ్ళడానికి సిగ్గేమీ లేదు. దానితో కబుర్లు చెబుతూ బడికి వెళుతుంది.

ముటా ఇద్దరికంటే ముందే పరుగెత్తిపోతాడు.

ఒక సాయంత్రం కెమిలెంబె వాకిట్లో నిలబడి ఎదురుచూస్తోంది. ఎండ ఇంకా తీక్షణంగానే ఉంది. పడమటి నుంచి ముటా బంతి తన్నుకుంటూ వస్తున్నాడు. వాడి నీడ వాడికంటే ముందుగా, పొడవుగా సాగి వచ్చి ఆమె కాళ్ళను తాకింది. నడుం దాకా పాకింది. ముఖం మీదికి వచ్చింది. చల్లగా ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది.

"గోడ దగ్గర బంతి ఆడుకుంటాం అమ్మా" అని వాడు ఆగకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఎండ మళ్ళీ ముఖాన పడింది. కెమిలెంబె ఆ చోటనే ఇంకాసేపు నిలబడింది.