నాలుగో రోజు ప్లేటు

పెళ్లయి పన్నెండు రోజులైనా సుశీల్ కుమార్‌కు కొన్ని సంగతులు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. బండి వెనక కూర్చున్న మనిషి భుజం మీద చెయ్యి వేస్తే ఆ బరువు ఇంత హాయిగా ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. కృష్ణపట్నం పోర్టులో కాటా దగ్గర నలభై టన్నుల లారీలను తూచే ఉద్యోగం అతనిది. బరువుల గురించి తనకు తెలియనిది లేదనుకునేవాడు, పాపం.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక ఇద్దరూ మైపాడు బయలుదేరారు. అక్కడ మేనత్త పుష్పకుమారి కొత్త జంట కోసం వంజరం పులుసు పొయ్యి మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. నెల్లూరు దాటకముందే వెనక కూర్చున్న భార్య కెజియా అతని వీపు మీద వేలితో తట్టింది.

"ఆసుపత్రి దగ్గర ఐదు నిమిషాలు ఆపవా?"

"ఆదివారం కూడానా?"

"నాకు సెలవే. ప్లేటుకు సెలవు లేదు."

కెజియా మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది. డాక్టర్ సుభాషిణి నడిపే పరిశోధనలో పని చేస్తోంది. ఏ జ్వరమో తేలని రోగుల రక్తం, కఫం చిన్న గాజుమూతల ప్లేట్లలో వేసి, అందులో ఏ సూక్ష్మజీవి పెరుగుతుందో చూడడం ఆమె పని.

"మామూలుగా రెండు రోజులు చూసి పారేస్తారు," అంది బండి దిగుతూ. "మేము వారం ఉంచుతాం."

"ఎందుకట?"

"మీ అత్త పులుసు మర్నాటికి ఎందుకు బాగుంటుందో అందుకే. కొన్నింటిని తొందరపెడితే సంగతి బయటపడదు."

ల్యాబు మెట్ల మీద ఒక పెద్దావిడ సంచి, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. వార్డులో ఉన్న విడవలూరు మండలం రైతు మస్తానయ్య భార్య, మాలకొండమ్మ. కెజియాను చూసి లేవబోయి మళ్లీ కూలబడింది.

"ఇంటికి పోతుండాం పాపా. నాలుగింటికి ఆటో వస్తది."

"ఇంకా ఫలితాలు రాలేదు కదమ్మా."

"రెండు నెలలాయ జ్వరం. ఊపిరితిత్తుల్లో మచ్చ ఉండాది, టీబీ అన్నారు. నెలన్నర మింగినాడు ఆ బిళ్లలు. మనిషి సగమైనాడు. షుగరొకటి. ఇంక సూదులతో పొడిపించేదానికి నాకు మనసు రాలా. ఇంటికాడైతే కిటికీలోంచి ఆయన మడి కనపడతది. అది చూసుకుంటా పోతాడు."

ఆవిడ ఏడవలేదు. ఆటో ఎన్నింటికి వస్తుందో చెప్పినట్టే ఇదీ చెప్పింది. సుశీల్ గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట దాటింది.

కెజియా అతని వైపు తిరిగి, "ఏమండీ, మీరు అమ్మ దగ్గర ఉండండి," అంది.

ఇంట్లో పేరు పెట్టి పిలిచే అమ్మాయి నోటి నుంచి పెద్దల ముందు ఆ 'ఏమండీ' రాగానే, సందర్భం కాకపోయినా సుశీల్ లోలోపల పొంగిపోయాడు.

ల్యాబు తలుపుకు నిలువెత్తు అద్దం ఉంది. బయట అతను, పక్కన మాలకొండమ్మ. లోపల కెజియా తెల్లకోటు తొడిగి, మాస్కు కట్టి, రెండు జతల గ్లవ్సు వేసుకుంది. పొద్దున వంటింట్లో ఉప్పు డబ్బా దొరక్క నవ్వి నవ్వి నేల మీద కూర్చున్న మనిషేనా ఈమె? చేతుల్లో తొందర లేదు, వణుకు లేదు. పెట్టెలోంచి ఒక ప్లేటు తీసి దీపం కింద పట్టుకుని చూసింది. అలాగే నిలబడిపోయింది.

తర్వాత మూత చుట్టూ టేపు ఉన్న ఆ ప్లేటును తీసుకొచ్చి, అద్దానికి అవతల వాళ్లకు కనిపించేలా ఎత్తిపట్టింది. బుధవారం నాడు మస్తానయ్య కఫం వేసిన ప్లేటు అది. శుక్రవారానికి సూదిమొనల్లాంటి చుక్కలే ఉన్నాయట. ఇప్పుడవి ఊదారంగుకు తిరిగి, ఎండి, ముడతలు పడి, మధ్యలో మడత మీద మడతగా విచ్చుకున్నాయి. కొప్పులోంచి రాలి ఆరిపోయిన డిసెంబరం పూలే.

"అదేంది బాబూ?" అంది మాలకొండమ్మ.

"తెలియదమ్మా," అన్నాడు సుశీల్. ఒక మనిషిని రెండు నెలలుగా లోపల తినేస్తున్నది ఇంత అందంగా ఉంటుందని అతను అనుకోలేదు.

కెజియా వెనక్కి వెళ్లి గాజుతలుపు బల్ల ముందు కూర్చుంది. ఏదో తెల్లటి చుక్క కార్డు మీద వేసి, ప్లేటులో పెరిగినదాన్ని కాస్త పుల్లతో అందులో కలిపి, మెల్లగా అటూ ఇటూ వంచడం మొదలుపెట్టింది. సుశీల్ ఆమె భుజాలనే చూస్తున్నాడు. రెండు నిమిషాలకు ఆ భుజాలు కదలడం మానేశాయి.

బయటికి వచ్చేసరికి ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

"పాలు విరిగినట్టు విరిగింది సుశీల్. పక్కన సరిచూడడానికి వేసిన చుక్క పాలలాగే ఉంది. ఇది మాత్రం విరిగింది. నేను అనుమానించిన సూక్ష్మజీవి అయితేనే అలా విరుగుతుంది." 'ఏమండీ' సంగతి మరిచిపోయింది.

ఫోన్ అందుకున్న డాక్టర్ సుభాషిణి తడిజుట్టుతోనే అరగంటలో వచ్చింది. ప్లేటును, కార్డును చూసింది. మళ్లీ ప్లేటును చూసింది. మాలకొండమ్మ పక్కన మెట్టు మీదే కూర్చుంది.

"ఇది టీబీ కాదమ్మా. మెలియాయిడోసిస్ అంటారు. టీబీ వేషం వేసుకుని వస్తుంది. మందు వేరే ఉంది."

"యాడ నించి వచ్చిందమ్మా?"

"మడి బురదలో ఉంటుంది. షుగరున్నవాళ్లు కాలికి గాయంతో దిగితే పట్టుకుంటుంది."

"నారు పోసేనాడు ఆయన కాలికి గాజుపెంకు గుచ్చుకునింది," అంది మాలకొండమ్మ. "మా మడే. నలభై ఏండ్లు కూడు పెట్టిన మడి."

"మడి తప్పేం లేదమ్మా," అంది కెజియా.

"రెండు వారాలు సూదులు, ఆ తర్వాత మూడు నెలలు బిళ్లలు," అంది డాక్టర్. "మాట ఇవ్వలేను. మనిషి బాగా నీరసించాడు. సరైన మందు పడినా జ్వరం దిగేందుకు వారం, పది రోజులు పట్టొచ్చు. ఆలోగా భయపడి తీసుకుపోతే మాత్రం దక్కడు."

గేటు దగ్గర హారన్ మోగింది. నాలుగు కాకముందే ఆటో వచ్చేసింది. మాలకొండమ్మ సంచి ఒళ్లోకి తీసుకుని కెజియా మొహంలోకి చూసింది.

"నువ్వు కండ్లారా చూసినావా పాపా?"

"చూశాను. మీరూ చూశారు కదమ్మా."

ఆవిడ అద్దం తలుపు వైపు ఒకసారి చూసి, సంచి కింద పెట్టింది.

"బాబూ, ఆ ఆటో అబ్బాయికి చెప్పిరా. మేము రావడంలేదని."

ఆ మాట మోసుకుపోయే పని తనకు దక్కినందుకు సుశీల్ గేటు దాకా దాదాపు పరిగెత్తాడు. అప్పుడే అత్త ఫోన్ చేసింది.

"ఏరా, పెండ్లాన్ని తీసుకుని ఏ దేశం పోయినావు?"

"ఆసుపత్రిలో ఉన్నాం అత్తా. ఎవరికీ ఏమీ కాలేదు. అంటే, ఒకాయనకు... రేపొచ్చి చెప్తాను."

"పెండ్లయిన కొత్తలో అందరూ సముద్రం చూస్తారు, నువ్వు ఆసుపత్రి చూస్తుండావా," అంది పుష్పకుమారి. "సర్లే. పులుసు రేపటికే బాగుంటది."

ఆ తర్వాత ప్రతి సాయంత్రం డ్యూటీ దిగగానే అతను కెజియాను అడిగే మొదటి మాట, "ఎంత?" సూదులు మొదలుపెట్టిన మూడోరోజు జ్వరం నూట మూడు. ఐదోరోజు నూట రెండున్నర. ఆరోరోజు మాలకొండమ్మ మళ్లీ సంచి సర్దింది. కెజియా పక్కన కూర్చుని ఫోన్‌లో ఆ ఊదారంగు పూల ఫోటో చూపించింది. ఆవిడ కాసేపు చూసి, ఫ్లాస్కు బయటికి తీసి పెట్టింది.

పదోరోజు సాయంత్రం కెజియాను తీసుకెళ్లడానికి సుశీల్ వచ్చేసరికి, వార్డు గుమ్మంలోంచి మాలకొండమ్మ చెయ్యి ఊపింది. దగ్గరికి వెళ్లాక అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి, మస్తానయ్య నుదుటి మీద పెట్టింది.

చల్లగా ఉంది. సన్నగా చెమట పట్టి, తడిగా, చల్లగా.

మస్తానయ్య కళ్లు తెరిచాడు. "ఎవరీ అబ్బాయి?"

"ప్లేటు చూసిన పాప ఉండాదే, ఆమె మొగుడు."

"ఏం చేస్తాడు?"

"పోర్టులో లారీలు తూస్తాడంట."

మస్తానయ్య ఎండిన పెదవులు కాస్త విచ్చుకున్నాయి. "అయితే నన్ను తూచమను. ఎంత మిగిలినానో చూద్దాం."

మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మంలో కెజియా వచ్చి నిలబడింది. ఇంటికి పోదామన్నట్టు చూసి, అతని మొహం చూశాక అక్కడే ఆగింది. సుశీల్ ఇంకాసేపు ఆ నుదుటి మీంచి చెయ్యి తియ్యలేదు.