దుప్పటి అవతలి కొస

ఆ రోజు దుప్పటి అవతలి కొస నేల మీద పడింది.

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అనేవారు. ఆమె మడత పెట్టిన దుప్పటిలో ఒక్క ముడత కనబడేది కాదు. కానీ అంత పెద్ద దుప్పటిని మడవడం ఒక్క మనిషి వల్ల కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి లాగాలి, దులపాలి, నడుచుకుంటూ దగ్గరికి రావాలి, ఒకరి చేతిలోని కొసలు మరొకరి చేతికి అందించాలి. అందించే చోట వేళ్ళకు వేళ్ళు తగులుతాయి. ఏళ్ళ తరబడి ఆమెకు ఎదురుగా నిలబడిన మనిషి పొడుగు. అందరికంటే ఓ తల ఎత్తు ఎక్కువని ఆ పేరు. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు అడుగు వేయాలో ఇద్దరికీ చెప్పుకోకుండానే తెలిసేది.

ఆ పొద్దున మడతక్క తన కొసలు పట్టుకుని దుప్పటి దులిపింది. అది గాలికి ఉబ్బి లేచింది. పొడుగు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఉతికి ఆరిన దుప్పటి తడి నేల మీద పడి మాసింది.

"ఏమే, పట్టుకోవేం?"

"పట్టుకోను." పొడుగు ఆమె మొహంలోకి చూడలేదు. "నువ్వు ముట్టుకున్నది నేను ముట్టుకోను."

మిగతా బల్లల దగ్గర ఆడవాళ్ళు పని ఆపి చూశారు.

ముందు రోజు జరిగింది ఇది. పొడుగు కూతురికి కాన్పు కష్టమై రక్తం కావాలన్నారు. అయినవాళ్ళు ఒక్కొక్కరే సాకులు చెప్పి జారుకున్నారు. మడతక్క మాత్రం నా రక్తం తీసుకోండి అని వెళ్ళి చేయి చాపింది. పరీక్ష అయ్యాక బ్లడ్ బ్యాంకు గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి, బెంచీల మీద ఉన్న అందరికీ వినబడేలా చెప్పాడు. "నీ రక్తం పనికిరాదమ్మా. నీకు హెపటైటిస్ బి ఉంది. ఇంకెవరికీ ఇవ్వకు." తర్వాత వేరే రక్తం దొరికింది, తల్లీబిడ్డా బతికారు. కానీ గుమాస్తా ఆ మాట అన్న క్షణంలోనే, మడతక్క పక్కన కూర్చున్న పొడుగు లేచి దూరంగా నిలబడింది. తెల్లారి పనిలోకి రాగానే, పని చేయించే మేస్త్రీ చెవిన వేసింది.

మేస్త్రీ మడత బల్ల దగ్గరికి వచ్చి ఒక జత దళసరి ఎర్ర రబ్బరు గ్లౌజులు మడతక్క కాళ్ళ దగ్గర పడేశాడు.

"ఇవి తొడుక్కో. ఇక నీకు మడత పని లేదు, మూటల గదికి పో. నీళ్ళ గ్లాసు ఇంటి నుంచి తెచ్చుకో. కాంట్రాక్టరు గారు దయ తలిచి ఉంచారు. ఎదురు చెబితే అదీ ఉండదు."

వార్డుల్లో విడిచిన దుప్పట్లను మూటలు కట్టి ఆ గదిలో పడేస్తారు. నెత్తురు, చీము, వాంతులు. వాటిని విప్పి, దులిపి, మిషన్లకు పంపాలి. కొన్నేళ్ళ క్రితం దాకా ఆ పని చేసింది పొడుగు మొగుడే. కళ్ళు పచ్చబడి, కడుపు ఉబ్బి పోయాడు. తాగుడు తినేసింది అన్నాడు కాంట్రాక్టరు. లాండ్రీ అంతా అదే మాట అంది. పొడుగు కూడా అదే అంది. అతను బతికుండగా ఒక్క రోజు కూడా అతనికి గ్లౌజులు ఇచ్చిన వాళ్ళు లేరు.

మడతక్క ఆసుపత్రిలో ఒక ముసలి నర్సు దగ్గరికి వెళ్ళింది. ఇది కాలేయానికి వచ్చే జబ్బని, ముట్టుకుంటే అంటదని, ఒకే కంచంలో తిన్నా ఒకే గ్లాసులో తాగినా రాదని, రక్తం రక్తంలో కలిస్తే వస్తుందని, మొగుడూ పెళ్ళాల మధ్య, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు రావచ్చని ఆమె నిదానంగా చెప్పింది. క్రమం తప్పకుండా చూపించుకుంటే, అవసరమైతే మాత్రలు వేసుకుంటే చాలా ఏళ్ళు బతకవచ్చట. రానివాళ్ళకు రాకుండా టీకా ఉందట.

"ఎప్పుడైనా సూది గుచ్చుకుందా?" అడిగింది నర్సు.

మడతక్కకు నవ్వొచ్చింది. "ఎప్పుడు గుచ్చుకోలేదో అడగండి."

వార్డుల్లో వాడేసిన సూదులు మూటల్లోనే వచ్చేవి. అన్నీ మూటల గదిలోనే రాలవు. కొన్ని ఉతుకు తప్పించుకుని మడత బల్ల దాకా వచ్చేవి. గుచ్చుకుంటే ఎవరూ పైకి చెప్పేవాళ్ళు కాదు. చెబితే మేస్త్రీ ఇంటికి పంపేవాడు. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, ఉమ్మేసి, మళ్ళీ పనిలో పడేవాళ్ళు. పక్కన నిలబడ్డ మనిషికి కూడా తెలియనిచ్చేవాళ్ళు కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్త తలుపు దగ్గరే అడ్డంగా నిలబడ్డాడు. వార్త ఆమెకంటే ముందే ఇల్లు చేరింది.

"ఎవడి దగ్గర తెచ్చుకున్నావు?"

"దుప్పట్ల దగ్గర," అంది మడతక్క.

ఆయన నమ్మలేదు. ఆమె కంచం, గ్లాసు విడిగా ఒక మూల పెట్టాడు. నర్సు చెప్పిందంతా ఆమె పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన గోడ వైపు తిరిగి విన్నాడు. నర్సు దగ్గరికెళ్ళి తన రక్తం మాత్రం చూపించుకున్నాడు, జబ్బు లేదని తేలాక టీకా వేయించుకున్నాడు. కంచం మాత్రం మూలే ఉంది.

లాండ్రీలో ఆమెకు కొత్త పేరు వచ్చింది. ఎర్రచేతుల దొరసాని. ఆమె వస్తుంటే దారి ఇచ్చేవాళ్ళు. గౌరవంతో కాదు. నీళ్ళ కుండ దగ్గరికి వెళితే, "దొరసాని గారు దాహానికి బయల్దేరారు, మూత పెట్టండే" అని ఎవరో అనేవాళ్ళు, మిగతావాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఒకరోజు ఆమె గ్లౌజులు కడిగి ఆరవేసింది. ఎవరో కర్రతో ఎత్తి మురికి కాలవలో పడేశారు. ఆమె కాలవలోంచి తీసుకుని మళ్ళీ కడుక్కుంది.

ఎండలు తగ్గే కాలంలో ఊళ్ళో ఏదో ప్రమాదం జరిగి వార్డులు నిండిపోయాయి. మూటలు గది దాటి వరండా దాకా వచ్చాయి. మేస్త్రీ మడత బల్ల వాళ్ళందరినీ మూటల మీదికి తోలాడు, బోసి చేతులతోనే.

పొడుగు ఒక మూట ముడి లాగి దుప్పటి దులిపింది. చటుక్కున పిడికిలి బిగించింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు బొట్లు తెల్ల దుప్పటి మీద పడ్డాయి.

మడతక్క చూసింది. "సబ్బుతో కడుగు. కడిగి నర్సమ్మ దగ్గరికి పరిగెత్తు. వెంటనే వెళితే ఆపడానికి మందుందని చెప్పింది."

"ఏం గుచ్చుకోలేదు. నీ పని నువ్వు చూసుకో."

"నెత్తురు కారుతోందే. మేస్త్రీని నీకూ ఒక జత గ్లౌజులు అడుగు."

"ఛీ." పొడుగు ఒక్క అడుగు వెనక్కి వేసింది. "అవి తొడుక్కుంటే నాకూ ఉందనుకుంటారు. చస్తే చస్తాను గానీ అవి తొడుక్కోను."

మడతక్క తన చేతుల వైపు చూసుకుంది. ఇన్నాళ్ళూ తనను వెలేసిన ముద్ర అవి. ఆ ముద్ర వేసుకున్నప్పటి నుంచీ తనకు ఒక్క సూదీ గుచ్చుకోలేదు. ఆ మాట ఆమెకు అప్పుడే తట్టింది. ఆమె గ్లౌజులు విప్పి, అరచేతులు అందరికీ కనబడేలా చాపింది.

"నా చేతులు చూడండే. ఈ గదిలో ఇన్ని నెలలు నేనే మూటలు విప్పాను. కొత్త గాటు ఒక్కటైనా ఉందా? ఇప్పుడు మీ చేతులు చూసుకోండి. మీరు కాలవలో పడేసింది ఈ గ్లౌజుల్నే. కాంట్రాక్టరు వాళ్ళు వీటిని జబ్బు వచ్చినదానికి తొడిగారు. రానివాళ్ళని బోసి చేతులతో నెత్తుట్లోకి దింపారు. మనకేమో, అవి తొడుక్కుంటే పరువు పోతుందని భయం పెట్టారు. ఇక గ్లౌజులు అడిగే మొనగత్తె ఎవరుంది?"

మేస్త్రీ "కబుర్లు చాలు" అని అరిచాడు. పొడుగు పిడికిలి విప్పకుండానే బయటికి వెళ్ళింది. నర్సు దగ్గరికి వెళ్ళిందో, ఇంటికి వెళ్ళిందో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు తిండి వేళ బాయిలర్ దగ్గర అందరూ పోగయ్యారు. పిలిచింది బాయిలర్ బాబాయి. లాండ్రీలో అందరికంటే పాతవాడు, నోటి దురుసు మనిషి.

"మాట్లాడేదేముంది?" ఉతుకు మిషన్ల దగ్గర పనిచేసే లావుపాటామె లేచింది. "దాన్ని పంపించేస్తే జబ్బూ పోతుంది, గొడవా పోతుంది."

"సూదులు కూడా దానితోపాటే పోతాయా?" అన్నాడు బాబాయి.

"నాకెప్పుడూ గుచ్చుకోలేదు."

"అబద్ధం," అంది ఆమె పక్కనున్నది. "మొన్న బొటనవేలు చప్పరిస్తుంటే చూశాను."

"నువ్వు చప్పరించలేదా?"

"చప్పరించాను. అదే చెబుతున్నా."

ఒకరు చేయి చాపారు. ఆ పక్కన ఇంకొకరు చాపారు. పాత గాట్లు, కొత్త గాట్లు. ఇన్నేళ్ళూ ఒకరికొకరు దాచుకున్నవన్నీ బాయిలర్ వెలుతురులో బయటపడ్డాయి. లావుపాటామె చివరికి తన బొటనవేలు చూపించి కూలబడింది.

బాబాయి పొడుగు వైపు తిరిగాడు. "నీ మొగుడు తాగి పోలేదమ్మా. నా పక్కన కూర్చునేవాడే గానీ గ్లాసు ముట్టేవాడు కాదు. తాగేది నేను. నేను బతికే ఉన్నా."

పొడుగు కట్టు కట్టిన వేలిని పిడికిలిలో దాచుకుంది.

"నాకు తెలుసు," అంది. "తాగుడంటే నలుగురూ జాలిపడతారు. జబ్బంటే అప్పటికి పెళ్ళికాని నా కూతుర్ని ఎవరు చేసుకునేవాళ్ళు? అందుకే నేనూ తాగుడన్నాను."

ఆ తర్వాత వాదన ఎక్కువసేపు సాగలేదు. అందరికీ గ్లౌజులు, అందరికీ పరీక్ష, టీకా. మడతక్క మళ్ళీ మడత బల్లకు రావాలి. అప్పటిదాకా ఒక్క మూట ముడి కూడా విప్పేది లేదు.

కాంట్రాక్టరు కారు దిగి వరండాలో నిలబడ్డాడు. చుట్టూ గుట్టలుగా మూటలు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"గ్లౌజులు జబ్బున్నవాళ్ళకు ఇస్తాం. మీకెందుకు? మీకూ ఉందా ఏంటి?"

అంతకుముందైతే ఆ ఒక్క ప్రశ్నతో అందరూ తలవంచుకునేవాళ్ళు.

"ఉందనే అనుకోండి," అంది లావుపాటామె.

"స్టాకు లేదు. కావాలంటే తెప్పించడానికి నెలలు పడుతుంది."

"నెలల తర్వాతే విప్పుతాం," అన్నాడు బాబాయి. "మూటలు ఎక్కడికీ పోవు. కంపు మాత్రం మీ ఆఫీసు దాకా వస్తుంది."

మరో రెండు రోజులకు వార్డుల్లో దుప్పట్లు అయిపోయాయి. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. పోలీసు వ్యాను వచ్చింది. కాంట్రాక్టరు మడతక్కను వేలెత్తి చూపించాడు.

"అదొక్కతే. దాన్ని ఎత్తేస్తే మిగతావాళ్ళు దారికొస్తారు."

ఎస్సై తల ఊపాడు. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు రెండడుగులు వేసి ఆగిపోయారు.

"సార్, ఆమెకి ఆ జబ్బు ఉందంట," అంది ఒకామె.

ఎస్సై కాంట్రాక్టరు వైపు చూశాడు. కాంట్రాక్టరు మేస్త్రీ మీద అరిచాడు. "చూస్తావేం? స్టోర్లోంచి గ్లౌజులు పట్రా."

మేస్త్రీ పరిగెత్తి వెళ్ళి పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. సీలు తీయని పెట్టె. మూత చింపితే నిండా ఎర్ర గ్లౌజులు, కొత్తవి, పౌడరు వాసనతో.

ఇన్నాళ్ళూ లేని స్టాకు. పొడుగు మొగుడు బోసి చేతులతో చచ్చేదాకా లేని స్టాకు. పోలీసు చేతులు మైలపడకుండా ఉండాలనేసరికి బయటికొచ్చిన స్టాకు.

పొడుగు జనంలోంచి బయటికి వచ్చింది. ఆ పొడవాటి చేయి చాపి, వేలి మీద కట్టు కానిస్టేబుల్ కళ్ళ ముందు పెట్టింది.

"నాకూ ఉండొచ్చు. నన్ను పట్టుకోవాలన్నా తొడుక్కోండి."

"నాకూ ఉండొచ్చు," అంది లావుపాటామె.

"నాకూ."

"నాకూ."

పెట్టెను ఎవరు లాక్కున్నారో మేస్త్రీకి తెలియలేదు. చేతుల మీదుగా అది వెనక్కి పోయింది. మళ్ళీ కనబడేసరికి ఖాళీగా ఉంది. వరండాలో ప్రతి మనిషి చేతికీ మోచేతి దాకా ఎర్ర గ్లౌజులు. పోలీసులకే లేవు.

ఎస్సై మొహం కందగడ్డలా మారింది. లాఠీలు లేచాయి. మడతక్కనూ పొడుగునూ బాబాయినీ బోసి చేతులతోనే లాక్కెళ్ళి వ్యానులో పడేశారు. బాబాయి నుదురు చిట్లింది. నెత్తురు చూసి ఒక కానిస్టేబుల్ సీటు చివరికి జరిగింది.

"మీకు ముందు టీకా వేయించమని అడుగమ్మా," అంది మడతక్క ఆమెతో. "మీకూ వేయరు, మాకూ వేయరు."

వాళ్ళు ముగ్గురూ లోపల ఉండగా లాండ్రీలో ఒక్క ముడీ విడలేదు. బయటి నుంచి తెచ్చిన కూలీలకు గేటు దగ్గర ఆడవాళ్ళు తమ చేతులు చూపించారు. వాళ్ళు మూటల వైపు ఒకసారి చూసి వెనుదిరిగారు. చివరికి ఆసుపత్రి వాళ్ళే కాంట్రాక్టరు మెడ మీద కూర్చున్నారు. ముగ్గురినీ వదిలారు. గ్లౌజులు అందరికీ ఉంచారు. పరీక్ష, టీకా మాత్రం తర్వాత చూస్తామన్నారు. మడతక్కకు బల్ల తిరిగి వచ్చింది.

మొదటి పొద్దున ఆమె రెండు కొసలు పట్టుకుని దుప్పటి దులిపింది. అది గాలికి ఉబ్బి లేచింది. అవతలి కొసలు పొడుగు చేతిలో ఉన్నాయి. ఉతికిన దుప్పటికి గ్లౌజులు అక్కర్లేదు, ఇద్దరివీ బోసి చేతులే. లాగారు, నడిచారు, దగ్గరికి వచ్చారు. వేళ్ళకు వేళ్ళు తగిలాయి. పొడుగు చేయి వెనక్కి తీసుకోలేదు. తప్పయిందని ఆమె అనలేదు, ఈమె అడగలేదు. తర్వాతి దుప్పటి అందుకున్నారు.

సూదులు ఇప్పటికీ మూటల్లోనే వస్తున్నాయి. పొడుగు ఇంకా తన రక్తం చూపించుకోలేదు. లాండ్రీలో టీకా ఇంకా ఎవరికీ వేయలేదు.